అదనపు రాయి

గుంటూరులో మిరపకాయ నిద్రపోతుంది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
ఆరు డిగ్రీల చలిలో, గోనె కప్పుకుని,
టిక్కీ మీద టిక్కీ,
ఘాటంతా కడుపులో ముడుచుకుని
ఏప్రిల్లో పడుకుంటే రేటొచ్చేదాకా లేవదు.
దానికి గేటుపాసు రాసేది నేను.
నాకే నిద్ర లేదు.

ఇరవై మూడు రాత్రులు.
లెక్క రాసే చెయ్యి కదా, అదే రాసుకుంటూ పోతుంది.
మాత్ర వేస్తే తల బరువెక్కుతుంది,
కన్ను మాత్రం కాపలా మానదు.
నిద్ర సుఖమెరగదంటారు.
పరుపు పరిచి, ఫ్యాను పెట్టి, సుఖమంతా అమర్చి పిలిచాను.
నిజమే, ఎరగనే లేదు.

తొడాలు తీసే కోటిరత్నం
మంటెత్తిన చేతులు మజ్జిగలో ముంచుకుంటూ
నా కళ్ళకేసి చూసింది.
"ఉండవల్లి పోయిరా అయ్యా.
ఆడొకాయన వందల ఏళ్ళ నుంచి పడుకునే ఉన్నాడు.
నిద్ర సంగతి ఆయన్నడగాలి గానీ
మందుల షాపోణ్ణి అడిగితే ఏం తెలుస్తది!"

ఆదివారం వెళ్ళాను. మూడో అంతస్తు.
బయట రాతి మునులు కాళ్ళు మడుచుకుని
అరటి తోటల వంక చూస్తున్నారు.
ఒక్కరికీ తొందర్లేదు.
లోపల చీకటి, గబ్బిలాల వాసన.
ముందు పాదాలు కనిపించాయి,
తర్వాత మోకాళ్ళు,
చాలాసేపటికి ముఖం.

కాపలా బుడే సాహెబ్ టార్చి వెయ్యలేదు.
"వేస్తే ఈయన లేవడు, అవి లేస్తాయి."
పైన గబ్బిలాలు,
లోకం పగలన్నదాన్ని రాత్రి చేసుకుని
పట్టుకున్న రాతిని నమ్మి
తలకిందులుగా, హాయిగా.

"నిజంగా నిద్రేనంటావా?"
"అది నిద్ర కాదు, మెలకువే అలా పడుకుందని
మీవాళ్ళు ఒకాయన చెప్పిపోయాడు.
అంత పెద్ద మాట నాకెందుకు సార్.
నాకు తెలిసింది ఒక్కటే.
దీన్ని ఎవరూ తెచ్చి పెట్టలా. ఇదంతా కొండే.
అదనంగా ఉన్న రాయి తీసేశారు.
నిద్ర మిగిలింది."

స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను.
ఒంటికి నిద్ర ఒక స్తంభమని
పాత వైద్యులు అన్నారంటే
వాళ్ళ వీపుకి కూడా ఎప్పుడో
ఇలాంటి చల్లదనం తగిలే ఉంటుంది.

నాలో అదనపు రాయి ఏది?
వెతకనక్కర్లేకపోయింది.
క్రోసూరు నుంచి ట్రాక్టరు. అరవై రెండు టిక్కీలు.
"ఛాంబర్లు నిండినయ్" అన్నాను.
నిండలేదు.
ఓనరు చెప్పమన్నాడు, చెప్పాను.
ఆయన నాతో వాదించను కూడా లేదు.
తువ్వాలుతో స్టీరింగు తుడిచి, బండి తిప్పుకున్నాడు.
ఆ రాత్రి వాన.
కాయ తడిస్తే ఎర్రదనం పోయి తాలవుతుంది,
ఆ సంగతి ఈ ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు.
వరండాలో నిలబడి
ఆ వాన మొత్తం విన్నాను,
చివరి చినుకు దాకా.
అదింకా ఆగలేదని
ఇక్కడ, ఈ చీకట్లో తెలిసింది.

కృష్ణ మీంచి గాలొచ్చింది.
పడుకున్న రాతి వేళ్ళ మీదుగా నా దాకా.
ఏమీ చెప్పలేదు. గాలి కదా.

అయిదున్నరకి బుడే సాహెబ్ తాళాలు గలగలలాడించాడు.
మంగళగిరిలో కిటికీ సీటు దొరికింది.
కాజ టోల్‌గేటు దాకా గుర్తుంది.
ఆ తర్వాత కండక్టరు భుజం తట్టాడు,
"గుంటూరండీ, దిగండి, బస్సు డిపోకి పోవాలి."
చొక్కా మీద చొంగ.
ఎన్ని నిమిషాలో లెక్క వెయ్యలేదు.

రేపు పాత రిజిస్టరు తీయాలి.
ఆ రోజు పేజీ.
వెనక్కి పంపినవాళ్ళ ఫోన్ నంబరు
రాసే అలవాటు నాకు లేదు.
ఆ రోజు రాశానేమో
చూడాలి.